పెండ్లికి ముందు పలక

కొత్తగా టీచరుద్యోగం వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి కాళ్ళకు దండం పెట్టి దీవించమంటారు. దీవెనదేముంది, నోటి మాటే కదా, దీవిస్తాను. తరువాత కూర్చోబెట్టి టీ ఇచ్చి, మీకు పని నేర్పించింది ఎవరని అడుగుతాను. ట్రైనింగు కాలేజీ పేరు చెప్తారు. కాలేజీ కాదమ్మా, మనిషి ఎవరు అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పుడు నాకు చిరాకొస్తుంది. ఆ చిరాకులోనే ఇది రాయడానికి కూర్చున్నాను.

నాకు పని నేర్పించిన మనిషి ఉన్నారు. జకరయ్య అయ్యగారు. తర్లుపాడు పక్కన ఒక పల్లెలో మిషన్ బడికి ఆయనే పంతులు, అక్కడి మందిరానికి ఆయనే పాస్టరు. క్రైస్తవుల ఇండ్లలో అయ్యగారూ అనేవాళ్ళు, గొర్రెలోళ్ళ ఇండ్లలో పంతులూ అనేవాళ్ళు. ఎట్ల పిలిచినా పలికేవారు. ఊరి పేరు నేను రాయను. ఇందులో చెప్పబోయే వాళ్ళ పిల్లలు, మనవళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు.

నేను మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి తాలూకాల్లో తిరిగి తిరిగి రిటైరైనాను. ఎక్కడెక్కడికి బదిలీ అయినాను, ఎప్పుడు ప్రమోషను వచ్చింది అనేవి రాస్తే చదివేవాళ్ళ సంగతేమో గానీ నాకే నిద్రొస్తుంది. కాబట్టి అవి వదిలేస్తున్నాను.

మంద కదిలే దాకా బడి

రాష్ట్రం ఏర్పడిన కొత్త. మేమింకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాము. ఏ కాగితానికైనా నల్లమల దాటి కర్నూలు పోవాల్సిందే. మా నాయన గిద్దలూరులో కుట్టుమిషను పెట్టుకొని మమ్మల్ని చదివించినాడు. ట్రైనింగు అయిపోగానే మిషన్ వాళ్ళు నన్ను ఈ పల్లెకు వేసినారు. ట్రంకుపెట్టె మోయించుకొని మందిరం దగ్గరికి పోయేసరికి, అయ్యగారు గడప మీద కూర్చొని విరిగిన పలకల అంచులు రాయి మీద అరగదీస్తున్నారు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీల దగ్గర పనికిరావని పారేసిన ముక్కలు గోనెసంచిలో వేసుకొని వచ్చేవారు. నన్ను చూసి లేచి, నీళ్ళు తెప్పించి, కుశలమడిగి, ఒక ముక్క నా చేతిలో పెట్టినారు. అంచు చేతికి తెగకుండా అరగదియ్యమ్మా, రేపు ఒకటో తరగతిలోకి కొత్త పిల్ల వస్తుంది అన్నారు. ఉద్యోగంలో నా మొదటి పని అదే.

మరుసటి రోజు పది గంటలకు చక్కగా జడ వేసుకొని బడికి పోతే బడి అయిపోవచ్చింది. తెల్లారగానే మొదలుపెట్టినారట. ఏందయ్యగారూ ఇది, పది నుంచి నాలుగు కదా రూలు అంటే, గొర్రెలకు ఆ రూలు తెలియదమ్మా అన్నారు. మంచు ఆరినాక మంద మేతకు కదులుతుంది. మందతో పాటు పిల్లలు పోతారు. కాబట్టి మంద కదిలే దాకా బడి. మిగిలిన పిల్లలకు మళ్ళీ మధ్యాహ్నం బడి. నాకు మొదట్లో ఒళ్ళు మండింది. అంత పొద్దున్నే లేవడం నా వల్ల కాదని మా నాయనకు జాబు కూడా రాసినాను. మా నాయన జవాబు రాయలేదు. అదే జవాబని సర్దుకున్నాను.

బడి జరిగేది మందిరంలోనే కాబట్టి గొర్రెలోళ్ళు మొదట్లో పిల్లల్ని లోపలికి పంపలేదట. అయ్యగారు వాళ్ళతో వాదం పెట్టుకోలేదు. ఆ పిల్లల్ని బయట చూరు కింద కూర్చోబెట్టి, తాను గడప మీద నిలబడి లోపలి పిల్లలకు, బయటి పిల్లలకు కలిపి పాఠం చెప్పినారు. ఒకసారి పెద్ద వాన పడింది. పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకొని లోపలికి ఉరికినారు. పెద్దోళ్ళు వచ్చి తొంగి చూసి, తడవకుండా ఉన్నారులే అని వెళ్ళిపోయినారు. ఆ తరువాత వాన లేకపోయినా పిల్లలు లోపలే కూర్చున్నారు. నేను పోయేసరికి ఇదంతా పాత కథ.

ఆదివారం ఆయన ప్రసంగం వింటే నవ్వొచ్చేది. బాగా ఊపులో ఉన్నప్పుడు టక్కున ఆగి, వెనక చాప మీద కునుకుతున్న పిల్లవాణ్ణి లేపి ఎక్కం అడిగేవారు. వాడు తప్పు చెప్తే వాళ్ళమ్మ గొణిగేది. ఆమెను కూడా ఒక ఎక్కం అడిగేవారు. సంఘ పెద్దలకు ఇది మర్యాదగా అనిపించేది కాదు. నాకు మాత్రం ఆయనలో పంతులు ఎక్కడ ఆగి పాస్టరు ఎక్కడ మొదలవుతాడో చివరిదాకా తెలియలేదు.

షరతు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అయ్యగారికి ఒక షరతు ఉండేది. పెండ్లికొడుకు, పెండ్లికూతురు ఇద్దరూ తమ పేరు తాము రాయగలిగితేనే పెండ్లి చేస్తారు. రిజిస్టరులో వేలిముద్ర పెడతామంటే కుదరదు. ఇంకా పట్టింపు ఏందంటే, సంతకాలు ముందు, తాళి తరువాత.

సంఘ పెద్దలు దీని మీద ఎన్నోసార్లు కూర్చున్నారు. సర్కారే వేలిముద్ర ఒప్పుకుంటుంటే మధ్యలో మీ పట్టుదల ఏందని అడిగినారు. ఆయన అప్పుడు తన పెండ్లి సంగతి చెప్పినారు. పెండ్లినాటికి ఆయనకు అక్షరం రాదు, పరాయి వాళ్ళ పశువులు కాసేవారు. రిజిస్టరులో ఎడమ బొటనవేలు పెట్టించినారు. సిరా ఎంత తోమినా పోలేదు. విందులో పెద్దలందరూ వచ్చి దీవిస్తుంటే ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకొని నిలబడినారట. పెండ్లి రోజంతటిలో నాకు గుర్తున్నది ఆ వేలే అన్నారు. మరుసటి నెల నుంచి మందిరం పంతులు దగ్గరికి పోయి పసిపిల్లల పక్కన కూర్చొని అ ఆలు దిద్దుకున్నారు.

ఇంత విన్నాక పెద్దలు షరతుకు ఒప్పుకున్నారు. కానీ నా మాట నేను చెప్తాను. ఆ షరతు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. మంచి పనే అయినా, ఒకరి పెండ్లిని అడ్డం పెట్టి చేయించకూడదు. ఆయన మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా ఇది మాత్రం మొండితనమే.

మొదట్లో జరిగిన పెండ్లిళ్ళకు చిక్కు రాలేదు. ఆ పిల్లలు మా బడిలోనే పై తరగతుల దాకా చదివినవాళ్ళు, కాగితం, కలం ఎరిగినవాళ్ళు. బడి గడప తొక్కని పిల్లకు పెండ్లి కుదరడం సువార్తమ్మతోనే మొదలు.

సువార్తమ్మ

సువార్తమ్మ వాళ్ళ నాయన చిన్నయ్య కూలి పనికి పోయేవాడు. తల్లి లేదు. తమ్ముళ్ళను సాకింది ఈ పిల్లే. దొనకొండ దగ్గర రైలు పట్టాల గ్యాంగులో పని చేసే ఏసుపాదం అనే పిల్లవాడికి ఇస్తామని మాట అనుకున్నారు. ఆ సంబంధం కోసం చిన్నయ్య ఎన్నిసార్లు దొనకొండ నడిచిపోయినాడో. నిలకడైన పని ఉన్న అల్లుడు ఆ రోజుల్లో మా పల్లెకు దొరకడం మాటలా?

ఆ పిల్లకు పేరు రాయడం నేర్పించే పని అయ్యగారు నాకు పెట్టినారు. నాకూ ఆమెకూ ఈడు దగ్గర దగ్గరే. విత్తనానికి వేరుశనక్కాయలు ఒలిచే కాలం అది. కాయలు ఒలుస్తూ ఒలుస్తూ పలక ఒడిలో పెట్టుకొని రాసేది. రాసేది, నచ్చకపోతే అరచేతిలో ఉమ్మి వేసి గభాలున తుడిచేది, మళ్ళీ రాసేది. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

“అక్కా, ఇంత పెద్ద పేరు నాకెవరు పెట్టమన్నారు? పక్కింటి పిల్ల పేరు రూతు. దానికి రెండక్షరాల్లో పెండ్లి అయిపోతుంది.”

నవ్వుకుంటూనే నేర్చుకుంది. పెండ్లి దగ్గరపడేసరికి పలక మీద పేరు ముత్యాల్లాగ రాసేది. అయ్యగారికి చూపిస్తే, పలక పైకెత్తి వెలుతురులో పెట్టి చూసి, ఇంక దిగులు లేదన్నారు. నేనూ అదే అనుకున్నాను.

పెండ్లి రోజు పొద్దున దొనకొండ వాళ్ళు బండ్లు కట్టుకొని వచ్చినారు. మందిరం నిండిపోయింది. బయట వంట గుండిగలు దించుతున్నారు. ఏసుపాదం ఎక్కడ నేర్చుకున్నాడో గానీ గట్టిగా సంతకం చేసినాడు. తరువాత తెల్లచీర కట్టుకొని సువార్తమ్మ బల్ల ముందు కూర్చుంది. అయ్యగారు కలం సిరాబుడ్డిలో ముంచి చేతికి ఇచ్చినారు.

ఆమె కలాన్ని బలపం పట్టినట్టు పట్టింది. పలక మీద ఒత్తినట్టు ఒత్తింది. పాళీ కిర్రుమని కాగితంలోకి దిగింది. ఒక చుక్క పడింది. అయినా పంటి కింద పెదవి పట్టుకొని సగం పేరు రాసింది. ఒక అక్షరం వంకర పోయింది. అంతే. నేను నోరు తెరిచే లోపల అరచేతిలో ఉమ్మి వేసి గభాలున తుడిచేసింది.

పేజీ అంతా నల్లగా అలుక్కుపోయింది. ఆమె పేరే కాదు, పైనున్న ఏసుపాదం పేరు కూడా కలిసిపోయింది. అరచెయ్యి నలుపు, చీర కుచ్చిళ్ళ మీద నలుపు. వెనక పిల్లలు కిసుక్కున నవ్వినారు. సువార్తమ్మ ఆ చెయ్యిని పట్టుకొని చూస్తా కూర్చుండిపోయింది.

పెండ్లికొడుకు పెదనాయన లేచినాడు. పెద్ద గొంతు మనిషి. మొదట్లోనే పిల్లవాని పేరు మీద మసి పూసింది, ఇది మంచి గురుతు కాదన్నాడు. బండ్లు కట్టమన్నాడు. వాళ్ళ వైపు ఆడోళ్ళు కొంగులు సర్దుకొని లేవబోయినారు. మా సంఘ పెద్దలు అయ్యగారి వైపు కొరకొర చూసినారు. ఆ చూపు నాకు అర్థమయింది. ఈ పెండ్లి చెడితే ఆ పల్లెలో ఇంక ఏ తండ్రీ తన కూతుర్ని పలక ముట్టనివ్వడు.

చిన్నయ్య పరుగున వచ్చి కూతురి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేలు పెట్టమ్మా, వేలు పెట్టి ఈ గండం దాటు తల్లీ, అయ్యగారి కాళ్ళు నేను పట్టుకుంటాను అని ఏడ్చినాడు. నిజం చెప్తున్నా, ఆ నిమిషంలో నేనూ మనసులో అదే అనుకున్నాను. వేలు పెట్టవే పిల్లా, బతికిపోతావు అని.

సువార్తమ్మ ముందు తండ్రి మొహం చూసింది. తరువాత నా మొహం చూసింది.

“నాకు వచ్చు నాయనా,” అంది. “నేను రాస్తాను.”

అప్పుడు అయ్యగారు బల్ల ముందుకు వచ్చినారు. ఆయన మొహంలో అంత సిగ్గు నేను ముందెన్నడూ చూడలేదు. దొనకొండ వాళ్ళ వైపు తిరిగి చేతులు జోడించినారు.

“పెద్దాయనా, ఇది గురుతు కాదు, నా తప్పు. ఈ పిల్లకు బలపమిచ్చినాను, కలం ఇయ్యలేదు. పలక మీద తుడుచుకోవచ్చని నేర్పించినాను, కాగితం సంగతి చెప్పలేదు. చెప్పని పాఠం అడిగితే పిల్ల ఏం చేస్తుంది? పెండ్లి ఎక్కడికీ పోదు. ఆమె రాసుకోనీ. మనం కూర్చుందాం.”

పెదనాయన ఇంకా నిలబడే ఉన్నాడు. అప్పుడు ఏసుపాదం ఏం చేసినాడంటే, పోయి, పీటల మీద కాకుండా చాప మీద పిల్లల పక్కన బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. పెండ్లికొడుకే కూర్చున్నాక బండ్లు ఎవరికోసం కడతారు? పెదనాయన గొణుక్కుంటూ కూర్చున్నాడు. వెనకనే మందిరమంతా కూర్చుంది.

అయ్యగారు జేబులోంచి ఆ రోజు ప్రసంగం రాసుకున్న కాగితాలు తీసి, వెనక్కి తిప్పి సువార్తమ్మ ముందు పెట్టినారు. ముందు దీని మీద రాసి చూడమన్నారు. నేను పక్కన కూర్చొని కలం వదులుగా పట్టుకోవడం చూపించినాను. అప్పుడైనా చూపించినాను. ఆమె రాసింది, చుక్క పడింది, చెయ్యి దానంతట అదే తుడవడానికి లేచింది. అయ్యగారు ఆ చెయ్యి పట్టుకున్నారు.

“తుడవొద్దమ్మా. కాగితం మీద తుడిచేది లేదు. వంకరైనా ఉండనీ. అది నీదే.”

ఆయన ప్రసంగం వెనక పక్క అంతా సువార్తమ్మలతో నిండిపోయింది. బయట అన్నం చల్లారిపోయిందని వంటవాళ్ళు తొంగి చూస్తున్నారు. ఆఖరికి ఆమె రిజిస్టరు తెమ్మంది. అయ్యగారు కొత్త పేజీ తిప్పినారు. ఏసుపాదం లేచి వచ్చి మళ్ళీ సంతకం చేసినాడు. ఆమె కింద రాసింది. ఒక అక్షరం పక్కకు ఒరిగింది. చెయ్యి ఒళ్ళో గట్టిగా పెట్టుకొని దాన్ని అట్లనే వదిలేసింది. తాళి కట్టేటప్పుడు అందరి కండ్లూ తడిగానే ఉన్నాయి, పెదనాయనవి కూడా. ప్రసంగం మాత్రం లేదు, కాగితాలన్నీ నల్లగా అయిపోయినాయి కదా. మా సంఘంలో అందరూ మెచ్చుకున్న పెండ్లి అదొక్కటే అని తరువాత అయ్యగారినే ఆటపట్టించేవాళ్ళము.

తరువాత జరిగింది

మిషన్ బడుల మేనేజరు ఒకాయన బడి, మందిరం రిజిస్టర్లు చూడడానికి వచ్చి ఆ నల్ల పేజీ దగ్గర ఆగినాడు. పద్ధతి తెలిసిన మనిషి, చెడ్డవాడు కాదు. కానీ అందరి ముందు అయ్యగారిని నిలబెట్టి తిట్టినాడు. గొర్రెల టైములో బడి నడపడం దగ్గర నుంచి అన్నీ బయటికి లాగినాడు. అయ్యగారు తల వంచుకొని విన్నారు. మేనేజరు పోయినాక నాకు ఏడుపు ఆగలేదు. మేనేజరు చెప్పినదాంట్లో తప్పేముందమ్మా, రిజిస్టరు పాడైంది నిజమే కదా అన్నారు అయ్యగారు. మరుసటి రోజు మళ్ళీ తెల్లారే బడి మొదలుపెట్టినారు. కొత్తగా టీచర్లయిన పిల్లలూ, మీరు పై అధికారులను ఇట్లనే మోయాలి. వాళ్ళ మాటలో నిజమున్నంత వరకు తీసుకోవాలి, మిగిలింది గడప బయట వదలాలి.

ఆ పెండ్లి తరువాత అయ్యగారు షరతు ఎత్తేసినారు. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో ఆగి, ఇంక ఎవరికీ అడ్డం పడనని చెప్పినారు. ఆ పిల్ల నల్లబడిన చెయ్యి చూసినాక నాకు ధైర్యం చాలలేదమ్మా అని నాతో అన్నారు. నా గురువు మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే. తాను పట్టింది తప్పని తెలిసినాక దాన్ని అందరి ముందు వదిలిపెట్టగలిగిన పంతుళ్ళను నేను ఆ తరువాత ఎక్కువమందిని చూడలేదు.

తమాషా ఏందంటే, షరతు పోయినాకనే ఆడపిల్లలు వాళ్ళంతట వాళ్ళే వచ్చినారు. సువార్తమ్మక్క రాసింది కదా, మేమూ రాస్తాము అన్నారు. ఈసారి బలపంతో పాటు కలమూ ఇచ్చినాను. నేను ఆ పల్లెలో ఉన్నంతకాలం రిజిస్టరులో ఒక్క వేలిముద్ర పడలేదు.

ఎడమ చెయ్యి

చాలా ఏండ్ల తరువాత, అప్పటికి మాకు ప్రకాశం జిల్లా వచ్చింది, నేను గిద్దలూరులో పని చేస్తున్నాను. సువార్తమ్మ దొనకొండ నుంచి వచ్చి కూతురి పెండ్లికి పిలిచింది. పెండ్లి మన మందిరంలోనే, అయ్యగారి చేతుల మీదనే అంది. పిల్ల పేరు రూతు. రెండక్షరాలే అక్కా, దానికి నా తిప్పలు లేకుండా అని నవ్వింది.

అయ్యగారికి అప్పటికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మందిరానికి కొత్త పాస్టరు వచ్చినాడు, మంచి పిల్లవాడు. అయ్యగారిని కుర్చీలో మోసుకొచ్చి ముందు కూర్చోబెట్టినారు. మాట కొంచెం తడబడింది గానీ ప్రమాణాలు ఆయనే చేయించినారు. రూతు పదో తరగతి చదివిన పిల్ల, చిటికెలో సంతకం చేసేసింది. ఇంక పెండ్లి చేయించిన పాస్టరు సంతకం ఒక్కటే మిగిలింది.

కొత్త పాస్టరు రిజిస్టరు పట్టుకొని ఆగిపోయినాడు. తరువాత మెల్లగా, మర్యాదగానే, అయ్యగారూ మీరు కష్టపడొద్దు, ఎడమ వేలు పెట్టండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను అన్నాడు. సిరా దిండు కూడా దగ్గర పెట్టినాడు. పాపం, ఆ పిల్లవాడికి ఏం తెలుసు? అయ్యగారు ఆ దిండు వైపు చూసినారు. ఎడమ చెయ్యి నెమ్మదిగా ఒళ్ళోంచి వీపు వెనకకు పోయింది. అది చూసిన నేను కూర్చోలేకపోయినాను.

నాకంటే ముందు సువార్తమ్మ లేచింది. పెండ్లికూతురి తల్లి, పట్టుచీర, నెరిసిన జుట్టు. మగపెండ్లి వాళ్ళు బస్సు పోతుందని తొందరపడుతున్నారు. వాళ్ళ వైపు తిరిగి గట్టిగా చెప్పింది.

“బస్సు పోతే ఇంకోటి వస్తుంది. అయ్యగారు రాసుకోనీ. మనం కూర్చుందాం.”

ఏసుపాదం అందరికంటే ముందు చాప మీద కూర్చున్నాడు. వాళ్ళ పెండ్లినాడు మందిరంలో ఉన్న పెద్దోళ్ళందరికీ సంగతి అర్థమయింది. ఒక్కరు కూడా నిలబడలేదు. సువార్తమ్మ పెండ్లి పత్రిక ఒకటి వెనక్కి తిప్పి ఆయన ముందు పెట్టి, కలం ఎడమ చేతిలో ఉంచి, వదులుగా పట్టుకోమని వేళ్ళు సర్దింది. ముందు దీని మీద రాసి చూడండయ్యా అంది. ఆయన పిల్లవానిలాగ తల ఊపి రాసినారు. మళ్ళీ రాసినారు. పత్రిక నిండినాక రిజిస్టరు దగ్గరికి జరుపుకున్నారు.

జకరయ్య అని రాయడానికి చాలాసేపు పట్టింది. ఆఖరి అక్షరం కిందికి జారిపోయింది. ఆయన దాన్ని చూసి ముఖం చిట్లించి, ఇన్నేళ్ళు పలకలతో బతికిన మనిషి కదా, అరచెయ్యి దాని మీదికి తెచ్చినారు. సువార్తమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

“తుడవొద్దయ్యా. వంకరైనా ఉండనీండి. అది మీదే.”

అయ్యగారు ఆమె మొహంలోకి చూసి నవ్వినారు, కండ్లలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. సిరా ఆరేదాకా మేమందరం అట్లనే కూర్చున్నాము.